ఇంట్లో పిలకాయల పుట్టినరోజు: కేక్ టైముకి కోయాలంటే ఏం చేయాలి

మా పెద్దవాడి మొదటి పుట్టినరోజుకి సాయంత్రం ఆరింటికి కేక్ కోస్తామని అందరికీ చెప్పాం. కోసింది ఎనిమిదిన్నరకి. కావలి నుంచి బయల్దేరిన మా పెద్దమామ కారు దారిలో ఆగిపోయింది, ఆయన వచ్చేదాకా ఉందామన్నారు. ఈలోపు వాడు రెండుసార్లు ఏడ్చి మా అత్తమ్మ భుజం మీద నిద్రపోయాడు. ఆ నిద్రలోనే చేతికి చాకు పట్టించి కోయించాం. ఫోటోల్లో అందరూ నవ్వుతున్నారు, పుట్టినరోజు బిడ్డ ఒక్కడే కళ్ళు మూసుకుని ఉన్నాడు. మే నెల కావడంతో కేక్ మీది క్రీము కూడా ఓ పక్కకి జారిపోయింది.

ఆ తర్వాత వాడివీ, వాళ్ళ చెల్లెలివీ కలిపి తొమ్మిది పుట్టినరోజులు ఇంట్లోనే చేశాం. నెల్లూరు వేదాయపాళెంలో రెండు బెడ్‌రూముల ఇల్లు, పన్నెండడుగుల వెడల్పు హాలు, పైన మిద్దె. ఇంతే మాకున్నది. ఏ ఏడు పార్టీ చెడినా టైమ్ దగ్గరే చెడింది. అందుకే కింద రాసేదంతా చాలావరకు గడియారం చుట్టూనే తిరుగుతుంది.

ముందు తేల్చుకోండి: పార్టీ ఎవరికి?

ఏడాది బిడ్డకి కేకూ తెలీదు, వచ్చినవాళ్ళూ తెలీదు. మొదటి పుట్టినరోజు పెద్దవాళ్ళ సంబరమే, అందులో తప్పేం లేదు. కాకపోతే దాన్ని పగటిపూట పెట్టుకోండి. తలంటు, కొత్త బట్టలు, హారతి, గుడి, మధ్యాహ్నం భోజనాలు. బిడ్డ పడుకునే వేళకి అందరూ తినేసి ఉంటారు.

నాలుగేళ్ళు దాటిన పిలకాయలకి తమ స్నేహితులు కావాలి. వాళ్ళనీ బంధువుల్నీ ఒకే సాయంత్రం ఒకే హాల్లో కలిపితే ఏమవుతుందో మీకూ తెలుసు. సోఫాలన్నీ పెద్దవాళ్ళు ఆక్రమిస్తారు, పిలకాయలు మధ్యలో నిలబడి "అల్లరి చేయొద్దు" అనిపించుకుంటూ ఉంటారు. మేం రెండుగా విడగొట్టేశాం. నక్షత్రం ప్రకారం పుట్టినరోజు ఏ రోజొస్తే ఆ రోజు ఇంటివాళ్ళతో పాయసం, రంగనాయకుల గుడి. తేదీ దగ్గర్లో వచ్చే ఆదివారం సాయంత్రం స్నేహితుల పార్టీ, దానికి బంధువుల్లో బాగా దగ్గరివాళ్ళు కొద్దిమందే. మా జేజమ్మకి తిథీ నక్షత్రం తప్పలేదు, మావాడికి కేకూ తప్పలేదు.

తర్వాత లెక్క. మీ హాల్లో సోఫాలు గోడకి జరిపి, టీపాయ్ బయటపెట్టి, చాపలు పరిచి చూడండి. పన్నెండు పదహారు అడుగుల హాల్లో పదిహేను మంది పిలకాయలు కూర్చుని ఆడుకోగలరు. ఇరవై దాటితే తొక్కిసలాటే. పన్నెండు మందిని పిలిస్తే తమ్ముళ్ళూ చెల్లెళ్ళతో కలిపి పదిహేనవుతారని మా అనుభవం. ఎవర్ని పిలవాలో మీ బిడ్డనే అడగండి. మీరు అనుకున్న పేర్లలో సగం ఉండవు. క్లాసులో మాత్రం కార్డులు పంచనివ్వకండి, అందని పిలకాయలు ఆ రోజంతా బాధపడతారు. తల్లులకి విడిగా మెసేజ్ పెడితే సరిపోతుంది.

తేదీ, వేళ, పిలుపు

మూడు వారాల ముందు తేదీ ఖాయం చేసుకోండి. స్కూలు పరీక్షలు, పెళ్ళి ముహూర్తాలు ఉన్న వారం తప్పించండి. ఎండాకాలం సెలవుల్లో అయితే సగం మంది అవ్వాతాతల ఊళ్ళలో ఉంటారు కాబట్టి ముందే కనుక్కోండి.

మిద్దె మీద చేద్దామనుకుంటే నెల చూసుకోండి. మనకి వానలు దంచేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. ఆ నెలల్లో మిద్దెని నమ్ముకోవద్దు. షామియానా వేసినా గాలివాన కొడితే కేక్ ఎత్తుకుని మెట్లు దిగాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదుకి కూడా మిద్దె నేల కాలుతూనే ఉంటుంది, నీళ్ళు చల్లినా గంట పడుతుంది చల్లారడానికి. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టిన పిలకాయలకే మిద్దె పార్టీ. వాళ్ళక్కూడా పిట్టగోడ నడుమెత్తుకి తక్కువ లేకుండా ఉండాలి, మెట్ల దగ్గర ఒక పెద్దమనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టాలి.

పిలుపులో రెండు టైములూ రాయండి: మొదలు, ముగింపు. "సాయంత్రం 5 నుంచి 7.30 వరకు, కేక్ 5.45కి." ముగింపు రాయడం మర్యాద కాదేమో అని మొదట్లో జంకాను. తర్వాత తెలిసింది, తల్లులకి అదే కావాలి, ఎప్పుడొచ్చి తీసుకెళ్ళాలో తెలుస్తుంది. అందరూ లేటుగా వస్తారని అరగంట ముందు టైమ్ చెప్పే అలవాటు మన దగ్గర ఉంది. అది వద్దు. నిజంగా టైముకి వచ్చే ఒకరిద్దరు మీరు పమిట సర్దుకుంటుంటే వచ్చి కూర్చుంటారు.

బంధువుల సంగతి వేరు. వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకుంటే కుదరదు. "ఫోన్‌లో బొమ్మ పంపితే పిలిచినట్టా?" అని మా చిన్నత్త మూడేళ్ళు గుర్తుపెట్టుకుంది. పెద్దవాళ్ళకి మీరూ మీ ఆయనా ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడాల్సిందే.

పిలిచేటప్పుడే ఇంకో రెండు ప్రశ్నలు అడిగేయండి. మీ బిడ్డకి పడని తిండి ఏమైనా ఉందా? పల్లీలు, గుడ్డు, పాలు పడని పిలకాయలు ఉంటారు. మన చట్నీల్లో పల్లీలు లేనివి తక్కువ కాబట్టి ఇది తప్పకుండా అడగాలి. రెండోది, మాంసం తింటారా, తింటే హలాల్ చూసుకుంటారా? మా వీధిలో ముస్లిం ఇళ్ళ పిలకాయలు నలుగురున్నారు. నేను చికెన్ హలాల్ కొట్లోనే తెప్పిస్తాను, మాట కూడా ముందే చెప్పేస్తాను. వాళ్ళ తల్లులు మొహమాటపడి అడగరు.

కేక్

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే.

కిలో కేక్ కోస్తే పది పన్నెండు ముక్కలొస్తాయి. పదిహేను మంది పిలకాయలు, పది మంది పెద్దవాళ్ళు ఉంటే రెండు కిలోలు చాలు. పెద్దవాళ్ళలో సగం మంది "షుగర్ ఉందమ్మా, కొంచెం చాలు" అంటారు. మూడు అంతస్తుల కేక్ ఫోటోకి బాగుంటుంది గానీ మరుసటి రోజు దాన్ని ఏం చేయాలో తెలీక వీధంతా పంచాల్సొస్తుంది.

ఫ్రెష్ క్రీము కేక్ చల్లగా ఉన్నంతసేపే నిలబడుతుంది. మన ఎండల్లో, ఏసీ లేని హాల్లో, ఇరవై ఐదు మంది ఊపిరి మధ్య అది ఎంతోసేపు ఉండదు. మార్చి నుంచి జూన్ దాకా పుట్టినరోజైతే బటర్ క్రీము గానీ, పైన గట్టి చాక్లెట్ పూసింది గానీ అడగండి. రుచిలో ఫ్రెష్ క్రీముదే పైచేయి, నేను కాదనను. అది కావాలంటే కోసే పది నిమిషాల ముందే ఫ్రిజ్ నుంచి తీయాలి. ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్ళుంటే ఎగ్‌లెస్ చెప్పేయండి, పిలకాయలకి తేడా తెలీదు.

ఆర్డరిచ్చేటప్పుడు బిడ్డ పేరు నోటితో చెప్పొద్దు. కాగితం మీద అక్షరం అక్షరం రాసి, దాని ఫోటో కూడా పంపండి. మా అమ్మాయి నాలుగో పుట్టినరోజుకి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి వేరే పేరే అయింది. నేను మరుసటి రోజు షాపుకెళ్ళి అడిగితే "ఫోన్‌లో అట్టానే వినపడింది మేడమ్" అన్నారు. మరి ఇంటికొచ్చాక చూసుకున్న తప్పు నాదే కదా. షాపులోనే మూత తీసి చూడండి.

తెచ్చేటప్పుడు కారులో అయితే సీటు మీద పెట్టొద్దు, సీటు వాలుగా ఉంటుంది. కింద కాళ్ళ దగ్గర సమంగా పెట్టండి. స్కూటర్ మీదైతే వెనక కూర్చున్నవాళ్ళు రెండు చేతులా పట్టుకోవాలి, కాళ్ళ మధ్య ఇరికిస్తే స్పీడ్ బ్రేకర్‌కి పేరు చెరిగిపోతుంది. రెండు కిలోల డబ్బా ఫ్రిజ్‌లో పడుతుందో లేదో ముందురోజే ఖాళీ డబ్బాతో గానీ టేపుతో గానీ కొలుచుకోండి. దోసె పిండి గిన్నె, పాల గిన్నెలు పక్కింటి ఫ్రిజ్‌కి పంపాల్సి రావచ్చు. ఉల్లిపాయ కోసి పెట్టింది ఫ్రిజ్‌లో ఉంటే తీసేయండి, క్రీము ఆ వాసన పట్టేస్తుంది.

కొవ్వొత్తులు మామూలువి చాలు. చిచ్చుబుడ్డిలా నిప్పులు చిమ్మే కొవ్వొత్తి పెట్టొద్దు, ఆ రవ్వల బూడిదంతా కేక్ మీదే పడుతుంది. నురుగు చిమ్మే స్ప్రే డబ్బాలు ఇంటి గడప దాటి రానివ్వొద్దు. చాలావాటిలో ఆ నురుగుని బయటికి తోసేది మండే వాయువే. వెలుగుతున్న కొవ్వొత్తి మీద కొడితే మంట ఎగిసి మొహానికి, జుట్టుకి అంటుకుంటుంది. ఇలాంటి విషయాల్లో నేను మొహమాటపడను, ఎవరైనా తెస్తే తీసుకుని బీరువా మీద పెట్టేస్తాను.

దీపం ఆర్పడం గురించి కూడా ఒక మాట. "బిడ్డ పుట్టినరోజు పూట దీపం ఆర్పేదేందిమా?" అని మా అత్తమ్మ మొదటి ఏడు అడిగింది. ఆ మాటలో న్యాయం ఉంది. అప్పట్నుంచి ముందు దేవుడి దగ్గర బిడ్డ చేత కుందిలో దీపం వెలిగిస్తాం, పెద్దవాళ్ళు అక్షింతలు వేస్తారు, ఆ తర్వాతే కొవ్వొత్తి. అదంతా పది నిమిషాల్లో అయిపోతుంది, ఎవరికీ మనసులో లోటుండదు.

ఇల్లు

మీరు చాలా ఇళ్ళలో చూసే ఉంటారు: ఫ్యాన్ మధ్యలో నుంచి నాలుగు మూలలకీ రంగు కాగితాల తోరణాలు కడతారు. చూడ్డానికి భలే ఉంటుంది. అయితే ఇక ఫ్యాన్ వేయలేరు. నెల్లూరులో ఫ్యాన్ లేకుండా ఇరవై ఐదు మందిని హాల్లో కూర్చోబెట్టడం శిక్షే. అలంకారమంతా ఒక్క గోడకే చేయండి, కేక్ బల్ల వెనక గోడకి. ఫోటోల్లో పడేది అదొక్కటే.

ఆ గోడకి నేను వాడేది మా అమ్మ వెంకటగిరి చీర. కర్టెన్ కడ్డీకి కుచ్చిళ్ళు పెట్టి వేలాడదీసి, అంచు మీద చేమంతి దండ వేస్తే చాలు. గుమ్మానికి మామిడాకుల తోరణం ఎట్టాగూ కడతాం. కొన్న అక్షరాల తోరణం ఒకటి పెట్టుకోండి, జాగ్రత్తగా మడిచి దాచితే నాలుగేళ్ళొస్తుంది. గోడకి అంటించేది మాస్కింగ్ టేపు అయితే రంగు ఊడి రాదు.

థర్మాకోల్ అక్షరాలు, బెలూన్లకి తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి కదా అని తెచ్చుకోవద్దు. విస్తరాకులు, పేపర్ గ్లాసులు ఉన్నాయి. మేమైతే చిన్న స్టీలు ప్లేట్లు ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకుంటాం, కడగడానికి పనమ్మాయికి ముందే చెప్పి ఆ పూటకి అదనంగా ఇస్తాం.

బెలూన్లు యాభై చాలు. నోటితో ఊదాలనుకోకండి, చేతిపంపు కొనండి. పూర్తిగా ఊదకుండా కొంచెం మెత్తగా వదిలితే వేడికి పగలవు. ఆ రోజు మధ్యాహ్నం ఊదండి, ముందురోజు రాత్రి ఊదినవి పొద్దుటికి ముడుచుకుంటాయి. పగిలిన ముక్కల్ని వెంటనే ఏరేసే పని ఎవరికైనా అప్పజెప్పండి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. పైకి ఎగిరే గ్యాస్ బెలూన్లు మాత్రం వద్దు. హీలియం ఖరీదని కొందరు హైడ్రోజన్ నింపుతారు, అది కొవ్వొత్తి దగ్గర భగ్గుమంటుంది.

ఇప్పుడు మోకాళ్ళ మీద వంగి, ఐదేళ్ళ పిల్లాడి ఎత్తు నుంచి ఇల్లు చూడండి. టీవీ వైరు, ఇస్త్రీ పెట్టె, మాత్రల డబ్బా, దోమల మందు, అగ్గిపెట్టె అన్నీ కనిపిస్తాయి. అవన్నీ ఒక పడగ్గదిలో పెట్టి తాళం వేసేయండి. వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ. బాత్రూమ్ లోపలి గడియని టేపుతో కట్టేయండి. మా ఇంట్లో ఒకసారి ఒక బాబు లోపల గడియ పెట్టుకుని తీయడం రాక ఏడ్చాడు. మా ఆయన వెంటిలేటర్ అద్దాలు తీసి కర్రతో గడియ నెట్టేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, వాళ్ళ అమ్మ మొహం నేను మర్చిపోలేను.

దోమల గురించి నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దు గుంకే ముందే కిటికీలు మూసేయండి, గంట తర్వాత తెరవొచ్చు. పిలకాయలు కూర్చునే చోట కాయిల్ వెలిగించొద్దు, పొగకి దగ్గుతారు.

కరెంటు పోతే? ఇన్వర్టర్ లేకపోతే చార్జింగ్ లైట్లు రెండు ముందురోజే చార్జింగ్ పెట్టుకోండి. పక్కింటివాళ్ళకి పార్టీ ఉందని చెప్పి, వాళ్ళ పిలకాయల్నీ పిలవండి. పాటల సౌండ్ గురించి ఇక ఎవరూ మాట్లాడరు.

తిండి

సాయంత్రం ఐదుకి వచ్చే పిలకాయలకి బిర్యానీ ఆకలి ఉండదు. వాళ్ళకి చేత్తో పట్టుకుని రెండు కొరుకుల్లో అయిపోయేవి కావాలి. నా లిస్టు ఇది: చిన్న ఇడ్లీలు నేతిలో దొర్లించి, పులిసిన పిండితో వేసే పులిబొంగరాలు, కారం తగ్గించిన పులిహోర, అరటిపండు ముక్కలు, సేమియా పాయసం చిన్న గిన్నెల్లో. చిప్స్ పెడితే మిగతావేవీ ముట్టరు కాబట్టి చిప్స్ చివర్లో. ఐదేళ్ళలోపు వాళ్ళుంటే పల్లీలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు బల్ల మీద పెట్టొద్దు. ద్రాక్షపండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి.

పులిహోరకి పాత బియ్యం వాడితే పొడిపొడిగా వస్తుంది. పక్కన వేరే పదార్థాలుంటే కిలో బియ్యం పది పన్నెండు మందికి వస్తుంది. పొద్దున్నే కలిపి పెట్టేసుకోవచ్చు, చింతపండు పులుపుకి సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. పార్టీ రోజు చేతికి తీరిక ఇచ్చే వంట ఇదొక్కటే.

పెద్దవాళ్ళకి ఏడింటికి బిర్యానీ. కిలో బియ్యానికి కిలోంపావు చికెన్ చొప్పున ఎనిమిది మందికి లెక్క వేసుకోండి. పదిహేను మంది దాటితే మీరు వండొద్దు, వంట మాస్టర్‌కి చెప్పండి. లేదా హోటల్ నుంచి తెప్పించండి. పుట్టినరోజు పూట తల్లి వంటింట్లో చెమటలు కక్కుతుంటే ఆ బిడ్డ ఫోటోల్లో తల్లి ఉండదు. బిర్యానీ ఆరున్నరకి ముందు దింపొద్దని చెప్పండి. వండిన చికెన్, క్రీము, పాలతో చేసినవి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, మండే ఎండాకాలంలో అయితే గంటే.

మన ఊళ్ళో చేపల పులుసు లేకుండా చుట్టాలకి భోజనమా అనేవాళ్ళుంటారు. పిలకాయల మధ్య ముళ్ళ కూర వద్దు. మీకు అంత కోరికగా ఉంటే ముందురోజు రాత్రి చేసుకుని, పార్టీ మర్నాడు తీరిగ్గా తినండి. ఫ్రిజ్‌లో ఉంచిన పులుసు రెండో రోజుకి ఇంకా రుచి. తీపికి కేక్ ఉంది కాబట్టి వేరే అక్కర్లేదు గానీ, పెద్దవాళ్ళకి తలా ఒక మలై కాజా పెట్టకపోతే మా ఆయన ఊరుకోడు.

ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు. గ్లాసుల మీద స్కెచ్‌పెన్‌తో పేర్లు రాస్తే ఒక్కొక్కరూ ఐదేసి గ్లాసులు పారేయరు. కూల్‌డ్రింకుల బదులు పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు పెట్టి చూడండి. మా దగ్గర మజ్జిగే ముందు అయిపోయింది, నేనే నమ్మలేదు.

ఖర్చు గురించి ఒక్క మాటే. మీరు అనుకున్న మొత్తంలో సగం తిండికి పక్కన పెట్టి, మిగతా సగంలో అన్నీ సర్దుకోండి.

ఆ సాయంత్రం, గడియారం ప్రకారం

మధ్యాహ్నం రెండింటికి బిడ్డని పడుకోబెట్టండి. అలంకారం సగమే అయినా, అత్తగారి ఫోన్ వస్తున్నా, ఏం జరిగినా సరే. ఆ గంటన్నర నిద్ర లేకపోతే రాత్రి ఏడింటికి ఏడుపు ఖాయం. కొత్త బట్టలు నాలుగున్నరకి వేయండి. జరీ గుచ్చుకునే పట్టు పావడా ఉదయం గుడికి వేసి, సాయంత్రానికి మెత్తటి నూలు బట్టలు వేయండి.

ఐదు నుంచి ఐదు నలభై ఐదు: ఒక్కొక్కరూ వస్తుంటారు. పార్టీలు చెడేది ఇక్కడే. ముందొచ్చిన నలుగురికి ఏ పనీ లేకపోతే సోఫా ఎక్కి దూకడం మొదలెడతారు. చాప మీద అట్టతో కత్తిరించిన కిరీటాలు, రంగు పెన్సిళ్ళు, అతికించే మెరుపు కాగితాలు పెట్టి ఉంచండి. ఎప్పుడొచ్చినవాళ్ళు అప్పుడు కూర్చుని తమ కిరీటం తాము చేసుకుంటారు. చెప్పులు గుమ్మం బయట ఒక గోనెపట్టా మీద వరసగా పెట్టించండి, లేకపోతే వెళ్ళేటప్పుడు జతలు కలవవు.

ఐదు నలభై ఐదు: కేక్. ఎవరు రాకపోయినా సరే. మామ దారిలో ఉన్నా సరే. రానివాళ్ళకి ముక్క తీసి పెట్టొచ్చు. కొవ్వొత్తి వెలిగించినప్పుడు ఫ్యాన్ ఆపి, ఆర్పగానే వేసేయండి. ఆడపిల్లల జుట్టు వెనక్కి కట్టి ఉందో లేదో, ఓణీ కొసలు, ఫ్రాకు కుచ్చులు మంటకి దూరంగా ఉన్నాయో లేదో చూడండి. పొరపాటున ఎవరికైనా చుర్రుమంటే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పట్టి ఉంచాలి. పేస్టు, పసుపు, ఐసు ఏవీ పెట్టొద్దు. పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయండి.

కేక్ తినిపించే దగ్గర మీరు కాస్త గట్టిగా ఉండాలి. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక ముక్క బిడ్డ నోట్లో పెట్టి ఫోటో దిగుతారు. మా అమ్మాయికి ఒకసారి పద్దెనిమిది మంది తినిపించారు, అది రాత్రంతా వాంతులు చేసుకుంది. ఇప్పుడు అమ్మ, నాన్న, అవ్వ, తాత, తోబుట్టువు, అంతే. మిగతావాళ్ళు పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మొహానికి క్రీము పూసే సరదా మా ఇంట్లో లేదు, మీ ఇంట్లో ఉంటే కళ్ళ జోలికి పోవద్దని చెప్పండి. ఫోటోలు తీసే పని ఒక్కరికే అప్పగించండి. పది ఫోన్లు ఎదురుగా లేస్తే బిడ్డ ఎటు చూడాలో తెలీక తల దించేస్తుంది.

ఆరు నుంచి ఏడు: ఆటలు. కేక్ తిన్న ఊపులో ఉంటారు కాబట్టి ముందు పరుగులాట. మిద్దె గానీ వాకిలి గానీ ఉంటే ఏడు పెంకులాట పెట్టండి. పెంకులకి బదులు చెక్క ముక్కలు, బంతి మెత్తటి రబ్బరుది. రెండు జట్లు చేస్తే ఎవరూ బయట కూర్చోరు. మ్యూజికల్ చైర్స్ చిన్నవాళ్ళకి నేను పెట్టను. మొదట అవుట్ అయిన బిడ్డే అందరికన్నా చిన్నదై ఉంటుంది, మిగతా పావుగంట మూల కూర్చుని ముక్కు చీదుతూ ఉంటుంది.

తర్వాత కూర్చుని ఆడేవి. ఐదారేళ్ళ వాళ్ళకి వీరీ వీరీ గుమ్మడిపండు కన్నా మంచి ఆట లేదు. ఒకరి కళ్ళు మూసి, ఇంకొకరు వచ్చి నెత్తిమీద తట్టి వెళ్తారు, ఎవరో చెప్పాలి. కాస్త పెద్ద పిలకాయలకి చీటీలతో రాజు, రాణి, దొంగ, పోలీసు. అవ్వలుంటే వామనగుంటల పీట వాళ్ళ ముందు పెట్టి, చింతగింజలు ఇచ్చి నలుగురు పిలకాయల్ని అప్పగించండి. గంటసేపు ఆ మూల నుంచి చప్పుడు రాదు. దాగుడుమూతలు ఆడేట్టయితే ఏ గదుల్లో దాక్కోవచ్చో ముందే చెప్పాలి, బీరువాలూ ట్రంకు పెట్టెలూ తాళాలేసి ఉండాలి.

గెలిచినవాళ్ళకి బహుమతులు ఇస్తే అందరికీ ఏదో ఒకటి ఉండాలి. లేదా ఎవరికీ వద్దు.

ఏడు: పిలకాయల్ని చాపల మీద వరసగా కూర్చోబెట్టి వడ్డించండి. బఫే వాళ్ళకి కాదు. పెద్దవాళ్ళు మిద్దె మీదో వెనక గదిలోనో తింటారు. ఇద్దరు తల్లుల్ని వడ్డనకి పిలవండి, ఎవరూ కాదనరు.

ఏడున్నర: రిటర్న్ గిఫ్ట్‌ల బుట్ట గుమ్మం దగ్గర పెట్టండి. అది కనిపించగానే వెళ్ళే వేళైందని అందరికీ అర్థమవుతుంది. గిఫ్ట్ అంటే పెద్దదేమీ అక్కర్లేదు. మేం రెండేళ్ళు ఉదయగిరి చెక్క చెంచాలు ఇచ్చాం, ఒక్కో చెంచా మీద బిడ్డ పేరు మార్కర్‌తో రాసి. ఇంకోసారి మట్టి కుండీలో తులసి మొక్క. లైట్లు వెలిగే చౌక బొమ్మలు మాత్రం వద్దు. వాటిలో బటన్ సెల్, అంటే బొత్తాంలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది, మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మీ బిడ్డకి వచ్చిన గిఫ్టుల్లో అలాంటివి ఉంటే సెల్ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి.

అందరూ వెళ్ళాక

గిఫ్టులు అందరి ముందూ విప్పించొద్దు. ఒకరు పెద్ద సైకిల్, ఒకరు స్కెచ్‌పెన్లు తెస్తారు, పిలకాయలు దాపరికం లేకుండా అనేస్తారు. రాత్రికో మర్నాడో విప్పండి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఎవరు ఏం తెచ్చారో రాసుకోండి. చదివింపుల కవర్లు కూడా అందులోనే రాయాలి, రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి ఆ పుస్తకమే తీస్తాం.

మిగిలిన బిర్యానీ అదే రాత్రి పంచేయండి: వాచ్‌మన్‌కి, పనమ్మాయికి, పక్కింటికి. మిగిలిన కేక్ మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తినేయాలి. గోడకున్న టేపు మర్నాడే తీసేయండి, వారం ఉంచితే మాస్కింగ్ టేపు కూడా రంగుని పట్టుకుంటుంది. చీర మడతపెట్టే ముందు చేమంతి మరకలున్నాయేమో చూడండి.

రాలేకపోయిన పెద్దవాళ్ళకి పొద్దున్నే బిడ్డ చేత ఫోన్ చేయించండి. ఊళ్ళోనే ఉంటే కేక్ ముక్క డబ్బాలో పెట్టుకుని వెళ్ళిరండి. మా పెద్దమామకి ప్రతి ఏడూ ఒక ముక్క తీసి పెడుతూనే ఉన్నాం. ఆయన ఇప్పటికీ ఏడింటికే వస్తాడు.